చిట్టెమ్మ కొన్న కంచు తాళాలు

మా ఆయనకు తాళాలు చేయడం వచ్చు గానీ అమ్మడం రాదు. కంచు కరిగించి పోత పోయడం, సానబెట్టడం, రెండూ కలిపి కొట్టి చెవి దగ్గర పెట్టుకుని తనలో తాను మురిసిపోవడం, ఇవన్నీ బ్రహ్మాండంగా వచ్చు. కొనేవాడు ఎదురుగా వచ్చి కూర్చున్నాడంటే మాత్రం తగువే. మొగుడి పేరు నా నోటితో చెప్పకూడదు. శృంగవరపుకోట నుంచి అనంతగిరి దాకా అందరూ పైడయ్య, పైడయ్య అని పిలుస్తుంటే ఇక నేను దాచేదేముంది, మీకూ తెలిసిపోయినట్టే. నన్ను సోములమ్మ అంటారు. సంతలో సరుకు అమ్మేది నేనే.

తగువు ఎందుకంటే, ఎవరు తాళాలు చేతిలోకి తీసుకున్నా ఈయన అడిగే మొదటి మాట "ఏ పాటకి?" అని. కొనుక్కునేవాడికి ఈ పరీక్షలేమిటి చెప్పండి! ఒకసారి మా ఊరి భజన మేళంవాళ్ళు వచ్చి, వాళ్ళ పెద్ద పాటగాడి గొంతు వినబడకుండా చేసే జత ఏదైనా ఉందా అని రహస్యంగా అడిగారు. న్యాయమైన కోరికే, ఆ గొంతు నేనూ విన్నాను. ఈయన ఇవ్వనన్నాడు. "గొంతు మార్సుకోండి, తాళాలు కాదు" అని పంపేశాడు. ఆ ఆసామి గొంతు ఇప్పటికీ మారలేదు. మా బేరమూ పోయింది, ఊరివాళ్ళ చెవులూ పోయాయి.

మా దగ్గర తాళాలు మూడు రకాలు. భజనవి చిన్నవి, అరచేతిలో ఇమిడేవి, బాగా మందం. ఒక్కసారి తగిలిస్తే పాడేవాడు ఊపిరి తీసుకుని మళ్ళీ అందుకునేదాకా టింగుమంటూ సాగుతూనే ఉంటాయి. కొండమీద ధింసా ఆటకు అవి పనికిరావు. ధింసాలో ఆడవాళ్ళు చేతులు వెనక్కి పెనవేసుకుని వరసగా ఒకే అడుగు వేస్తారు, దానికి పలచగా, వెడల్పుగా ఉండి, ఝమ్మని మోగి ఠక్కున ఆగిపోయేవి కావాలి. లేకపోతే రెండో అడుగు ఎప్పుడు వేయాలో కాళ్ళకు తెలియదు. మూడో రకం వేటవి. చేటంత ఉంటాయి. వాటిలో ఈయన తగరం ఎక్కువ వేసి, అంచులు కావాలనే ఎగుడుదిగుడుగా కొడతాడు. పొదల్లో నక్కిన జంతువులు ఆ మోతకు బెదిరి లేచి వేటగాళ్ళ మీదికి పరుగెత్తాలి.

"ఇంత దరిద్రపు మోత ఎందుకు మావా, కాస్త శ్రుతిగా చేస్తే ఏం పోయింది?" అని అడిగాను ఒకసారి.

"శ్రుతిగా ఉంటే జింక ఆగి ఇంటాది" అన్నాడు.

"ఆగితే మరీ మంచిది కాదేటి? బాణం సులువుగా తగులుతాది."

"ఇనేవోళ్ళని సంపకూడదే" అన్నాడు. ఇదీ ఈయన వ్యాపారం.

మన్యంలో దొరల మీద లేచిన పితూరీ అణిగిన మరుసటి ఏడు చైత్రమాసంలో ఎప్పటిలాగే మూట కట్టుకుని కొండ ఎక్కాం. ఘాటీ దారిలో పోలీసులు ఇంకా మూటలు విప్పి చూస్తున్నారు. మా మూట విప్పిన జవాను వేట తాళాలు తీసి, ఇదేం ఆయుధమో తేల్చుకుందామని గట్టిగా కొట్టాడు. వాళ్ళ దొరగారి గుర్రం తాడు తెంపుకుని లోయలోకి దిగిపోయింది. దాన్ని పట్టుకునే గొడవలో మమ్మల్ని ఎవరూ పట్టించుకోలేదు.

అనంతగిరి సంతలో గోనె పరిచామో లేదో చిట్టెమ్మ వచ్చింది. పనసగరువు అనే చిన్న ఊరు ఆమెది. ఏటా చైత్ర పండగకు మేం వాళ్ళ వాకిట్లోనే దిగి, చిల్లులుపడ్డ కంచు గిన్నెలూ చెంబులూ మాటు వేసి వస్తాం. ఊళ్ళో ధింసా వరసకు ముందు నిలబడేది చిట్టెమ్మే. ఆట తాళాలు కొనమని ఆడవాళ్ళందరూ తలా ఇన్ని సామలు పోసి ఆమెను పంపారట. సామల బుట్ట దించి, ఆట తాళాలు చేతిలోకి తీసుకుని, చూపు మాత్రం వేట తాళాల మీద పెట్టింది. మళ్ళీ వీటిని కింద పెట్టింది, వాటిని తడిమింది. నాకు ఓపిక తక్కువ.

"ఏటే గుంటా, సూపొక దగ్గర, సెయ్యొక దగ్గర?" అన్నాను.

కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అప్పుడు చెప్పింది సంగతి.

వాళ్ళ ఊళ్ళో చైత్ర పండగకు మగవాళ్ళంతా వేటకు పోవాలి. ఏదో ఒకటి కొట్టుకుని వస్తే సరే. ఒట్టి చేతులతో తిరిగొస్తే ఊరి మొగలోనే ఆడవాళ్ళు పేడ బుట్టలతో కాచుకుని ఉండి ముఖాల మీద కొడతారు. వేటకు ముందు నడిచిన మగవాడికి మొదటి పేడముద్ద అతని పెళ్ళామే వేయాలి. ముందు నడిచేవాడు చిట్టెమ్మ మొగుడు బుధు. నిరుడు ఒట్టి చేతులతో వచ్చాడు.

"నా సేత్తోనే ఏసినానప్పా" అంది చిట్టెమ్మ. "అందరూ నవ్వినారు. ఆడూ నవ్వినాడు. ఆ రేత్రి నించి సరిగ్గా తినడు, పలకడు. ఈసారి కూడా ఏటీ దొరక్కపోతే అస్సాం తేయాకు తోటల్లోకి ఎల్లిపోతానంతన్నాడు. ఒట్టేసినాడు."

అస్సాం వెళ్ళినవాళ్ళలో వెనక్కి వచ్చినవాళ్ళను నేనింతవరకు చూడలేదు. తోటలకు మనుషుల్ని తీసుకుపోయే గంగరాజు అక్కడే, చింతచెట్టు కింద, నల్లకోటు వేసుకుని గొడుగు పట్టుకుని కూర్చున్నాడు. "అక్కడ వేటా లేదు, పేడా లేదు, హాయిగా ఆకు కోసుకోవడమే" అని ఎవరికో చెబుతున్నాడు. వాడి నోట్లో ఆ పేడే కొట్టాలనిపించింది.

నిరుడు వేట ఎందుకు పాడైందంటే, మగవాళ్ళ పాత తాళాలు పగిలి బొక్కి చప్పుడు చేశాయట. అడవిలో ఒక్క జంతువు లేవలేదు. కొత్తవి కొందామని బుధు అడిగితే మిగతా మగవాళ్ళు, తాళాలకేం బాగానే ఉన్నాయి, నీ చేతిలోనే అచ్చిరాలేదు అని ఎకసెక్కాలాడి ఒక్కడూ గింజ రాల్చలేదు. అదీ కథ. అందుకని ఈ పిల్ల ఆడవాళ్ళు పోసిన సామలతో మగవాళ్ళకు వేట తాళాలు కొందామని చూస్తోంది.

"ఏ పాటకి?" అన్నాడు మా ఆయన, అప్పటిదాకా ఏమీ విననట్టు.

చిట్టెమ్మకు అబద్ధం రాలేదు. "రెండిటికీ బావా. ఏటకీ, ఆటకీ."

ఇంకేముంది, మా ఆయన లేచి నిలబడ్డాడు. "రెండిటికీనా! ఒకే సెప్పు రెండు కాళ్ళకీ తొడుక్కుంతావేటి? ఇయ్యి తోలడానికి. అయ్యి ఆడడానికి. వీటితో ఆడితే కాళ్ళిరుగుతాయి. వాటితో తోల్తే కుందేలు కూడా కదల్దు. ఏదో ఒకటి తేల్సుకో!"

"అరవకు మావా, సంతంతా సూత్తంది" అన్నాను. "గుంటకి మొగుడు ఎల్లిపోతాడని బెంగ, నీకు కాళ్ళిరుగుతాయని బెంగ."

చిట్టెమ్మ తేల్చుకుంది. వేట తాళాలు తీసి చంకలో పెట్టుకుంది. పండగ అయ్యాక మార్చుకుంటానంది, అంది గానీ ఆమె లేచి నాలుగడుగులు వేయకముందే వేరే ఊరివాళ్ళు వచ్చి మా ఆట తాళాలు ఎగరేసుకుపోయారు. మిగిలింది భజనవే.

పనసగరువు చేరగానే ఆడవాళ్ళు మూగారు. చిట్టెమ్మ అత్త కనక ఆ ఊళ్ళో ఎవరికీ జడిసే మనిషి కాదు. తాళాలు అందుకుని ఎత్తి ఒక్క దెబ్బ కొట్టింది. కోళ్ళు ఇంటికప్పు ఎక్కాయి. ఉయ్యాల్లో పిల్ల గుక్కపట్టింది.

"ఓలమ్మో! ఇది ఆటకా, పిడుగుకా? ఏటి కొనుక్కొచ్చినావే?"

చిట్టెమ్మ ఉన్న మాట చెప్పేసింది. ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. మా సామలు పోసి మొగుడికి ముద్దులా అని ఒకామె దెప్పింది. సరే, కొన్నది కొన్నాం, వేటకు వాళ్ళనే పట్టుకుపోనివ్వండి, మొగోళ్ళ ముఖాల మీద పేడ కొట్టే పనైనా తప్పుతుంది అని చివరికి కనకే అంది. పాపం కనక మాత్రం ఏం చేస్తుంది, కొడుకు కదా.

మగవాళ్ళు ఒప్పుకోలేదు! ముహూర్తాలు చూసే దిసారి తాళాలు చూసి, ముట్టుకోకుండానే వెనక్కి జరిగాడు. ఆడవాళ్ళ గింజలతో కొన్న వస్తువు ఆ రోజు అడవిలోకి రాకూడదట. వస్తే బాణం వాడి పోతుందట. పాత తాళాలకు పగుళ్ళున్నా అవి మగవాళ్ళవి కదా అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ పాతవాటి బొక్కి మోతకు లేవని జంతువు దిసారి మాటకు లేస్తుందా అని అడిగేదాన్నే, మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు.

బుధు వాటి వంక చూశాడు. పొడుగ్గా, ఎముకలు తేలి, ఎప్పుడూ నేల చూపులు చూసే మనిషి. "ఎవలు తెమ్మన్నారే?" అన్నాడు పెళ్ళాన్ని.

"నీకోసమే."

"నానెల్లిపోతే నీకీ బాద ఉండదు గదా" అనేసి విల్లు సరిచేసుకోవడానికి పోయాడు. ఆ మాటకు చిట్టెమ్మ ముఖం చూడలేక నేను గిన్నెల మూట విప్పుతూ కూర్చున్నాను. ఒక్కొక్క మొగుడికి పేడ చాలదు.

మర్నాడు తెల్లారుతూనే మగవాళ్ళు విల్లులూ బల్లేలూ పట్టుకుని, ఆ పగిలిన తాళాలు బొక్కిగా మోగించుకుంటూ కొండెక్కారు. వెనక దిసారి. పండగకని ఊళ్ళోకి వచ్చి మకాం పెట్టిన గంగరాజు అరుగు మీద కూర్చుని, వేలిముద్ర వేయించే సిరాబుడ్డి పక్కన పెట్టుకుని, వాళ్ళు ఒట్టి చేతులతో రావాలని కాబోలు, చేతులెత్తి దణ్ణం పెట్టాడు.

మగవాళ్ళు వేటలో ఉన్నంతసేపూ ఊళ్ళో ఆడవాళ్ళు ధింసా ఆడాలి. తాళం లేనిదే ఆట లేదు. మా దగ్గరున్న భజన తాళాలే ఇచ్చాను. ఏం చెప్పను! టింగ్ అని కొడితే ఆ మోత ఎంతకీ చావదు. ముందున్నవాళ్ళు అడుగు వేసేశారు, మధ్యలోవాళ్ళు ఇంకా మోగుతోంది కదా అని ఆగారు, చివరివాళ్ళు వెనక్కి పోయారు. చేతులేమో పెనవేసుకుని ఉన్నాయి. వరసకు వరస పనసచెట్టు వేరు మీద కూలబడింది. మా ఆయన నా వంక చూశాడు. నేను ఆకాశం వంక చూశాను.

కనక మోకాలు రుద్దుకుంటూ లేచి, ఆ చేటంత తాళాలు తెచ్చి చిట్టెమ్మ ఒళ్ళో పడేసింది. "కొన్నదానివి నువ్వే వాయించు!"

చిట్టెమ్మ లేచింది. మొదటి దెబ్బకు అందరూ చెవులు మూసుకున్నారు. రెండో దెబ్బకు తిట్టారు. ఆ పిల్లకు ఏమీ వినబడటం లేదు. నిరుటి పేడముద్ద మీద ఒక దెబ్బ, ఎకసెక్కాలాడిన మగవాళ్ళ మీద ఒక దెబ్బ, ఆ నల్లకోటు మీద ఒకటి, ఎల్లిపోతానన్న మొగుడి మీద మరొకటి. అలా కొడుతూనే ఉంది. అంత కోపంగా కొట్టేసరికి దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం సమానంగా వచ్చింది. దానికి ముందుగా కనక కాలు కదిలింది. నేలను దంచినట్టు అడుగు వేసింది. పక్కావిడ అందుకుంది. చూస్తుండగానే వరసంతా ధన్ ధన్ మని తిరగడం మొదలుపెట్టింది. అంత మోటు ధింసా నేను ఎప్పుడూ చూడలేదు. గంగరాజు చెవుల్లో దూది కుక్కుకున్నాడు.

అప్పుడే ఊరి కింద నీళ్ళు పారే గెడ్డలో పొదలు విరిగిన చప్పుడు వినబడింది. నల్లగా, దున్నపిల్లంత అడవిపంది ఒకటి పసుపుతోట తొక్కుకుంటూ పైకి వచ్చేసింది. ఎన్నాళ్ళనుంచి ఆ గెడ్డలో పగలంతా పడుకుని రాత్రిళ్ళు వీళ్ళ దుంపలు తవ్వుకు తింటోందో! ఊరి మొగకు ఎదురుగా ఉన్న చిట్టెమ్మవాళ్ళ పంచలో అటక నేను ఎప్పుడెక్కానో నాకే తెలియదు. అది వాకిట్లోంచి మా గిన్నెలన్నీ దొర్లించుకుంటూ, ఆ మోత నుంచి తప్పించుకుంటే చాలన్నట్టు, తిన్నగా మగవాళ్ళు వెళ్ళిన కొండవైపు పోయింది. చిట్టెమ్మ వీపు ఇటు ఉంది. ఆమె చూడనే లేదు, వాయిస్తూనే ఉంది.

"సూసినావా, ఎలాగ తోలిందో" అన్నాడు మా ఆయన, దొర్లిన గిన్నెల మధ్య కూర్చుని మురిసిపోతూ.

పొద్దు నడినెత్తికి రాకముందే కొండమీద కొమ్ము ఊదారు. మగవాళ్ళు దిగుతున్నారు. ముందు బుధు, వెనక వాసానికి వేలాడేసిన పంది. ఊరి మొగలో పేడ బుట్టలతో నిలబడ్డ ఆడవాళ్ళు కేకలు పెట్టారు. చిట్టెమ్మ బుట్ట కింద పెట్టి పమిటతో ముఖం తుడుచుకుంది. బుధు తల ఎత్తుకుని నడవడం నేను అదే మొదటిసారి చూశాను. ఎంత అందగాడో అప్పటిదాకా తెలియనే లేదు.

అంతటితో ఆగితే ఏ గొడవా ఉండకపోను. వెనకున్న ఒకడికి నోరు ఊరుకోలేదు. "మేం తోలింది పైనించి. ఇది కిందనించి వొచ్చింది, ఎవలో తరుముతున్నట్టు!"

"ఎవలో ఏటి?" అంది కనక. "మేమే! తోలినోళ్ళ తొడ ఇలగ పెట్టండి."

వాసం మోస్తున్నవాళ్ళు పందిని కిందికి దించేశారు. వేటను తోలినవాళ్ళకు ఒక తొడ ఇవ్వాలి. అది అక్కడి కట్టుబాటు. ఇవ్వకుండా తిన్నవాడి బాణం మళ్ళీ తగలదు. సరే ఇచ్చేద్దామా అంటే, ఆడవాళ్ళు తోలిన వేట మగవాళ్ళ లెక్కలోకి రాదు. లెక్కలోకి రాకపోతే మగవాళ్ళు ఒట్టి చేతులతో వచ్చినట్టే. ఒట్టి చేతులతో వస్తే పేడ. మగవాళ్ళంతా బుట్టల వంక చూశారు, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు, పంది దాని ఇష్టంకొద్దీ అదే వచ్చిందని ఒక్క గొంతుతో తేల్చేశారు. దిసారి గొంతు అందరికంటే పైన వినబడింది.

"ఓలె చిట్టెమ్మా, నువ్వే సెప్పు!" అంది కనక. "వాయించింది నువ్వు."

చిట్టెమ్మ మొగుడి వంక చూసింది. అరుగు దిగి గొడుగు ముడుస్తూ వస్తున్న గంగరాజు వంక చూసింది. "నాను ఆటకి వాయించినాను" అంది నెమ్మదిగా. "పంది దాని దారిన అది ఎల్లింది. నాకు తెల్దు."

కనక నెత్తి కొట్టుకుంది. నాకూ అటక మీంచి అరవాలనే అనిపించింది, నా కళ్ళతో చూశాను కదా! కానీ ఎలా అరవను? ఆ పిల్ల తన గెలుపు ఇచ్చేసి మొగుణ్ణి ఉంచుకుంటోంది. నోరు నొక్కుకున్నాను. అది నాకెంత కష్టమో మా ఆయన్ని అడగండి.

బుధు దగ్గరికొచ్చాడు. వెనక్కి దాచుకున్న పెళ్ళాం చేతులు లాగి చూశాడు. తాళాల తోలుపట్టీలు కోసుకుపోయి రెండు అరచేతులూ పొక్కులు, నెత్తురు. వాటిని వదిలి, నడుమునుంచి కత్తి తీసి, పంది దగ్గరికి పోయి, వెనక తొడ కోసి తెచ్చి ఆమె కాళ్ళ ముందు పెట్టాడు.

మగవాళ్ళు ఘొల్లుమన్నారు. "ఒరే, ఏటి సేత్తన్నావురా! అందరం అయిపోతాం రా!"

"నాకు ఏట తోలీసిన మనిసిని కాదనమంతారేటి?" అన్నాడు బుధు. ఆమె ముందు తల వంచాడు. "ఏసీయే. బేగి ఏసీ, ఆకలేత్తంది."

చిట్టెమ్మ ఏడుస్తూనే ముద్ద తీసి వేసింది. ఇక ఆడవాళ్ళు ఆగుతారా? దిసారి పారిపోబోయి జారిపడ్డాడు, అతనికి రెండు వైపులా పడింది. ఎవరు వేశారో గానీ ఒక ముద్ద వచ్చి నల్లకోటుకు కూడా తగిలింది. నేను కాదు, నేను అటక మీదే ఉన్నాను. కావాలంటే దిగి వేసేదాన్నే.

గంగరాజు కోటు దులుపుకుంటూ, "చూశావా, ఇదీ ఇక్కడ నీకు దక్కే మర్యాద. రేపు పొద్దున్నే బయల్దేరదామా?" అన్నాడు బుధుతో.

బుధు కళ్ళ మీద పేడ తుడుచుకున్నాడు. "నానెల్లిపోతే వొచ్చే ఏడు ఇది తోలిన పందిని ఎవడు కొడతాడు?" అన్నాడు. "నువ్వు కొడతావేటి?"

ఆ మాట విని చిట్టెమ్మ వంగి, బుట్టలోంచి ఇంకో ముద్ద, ముందుదానికంటే పెద్దది తీసి, మొగుడి ముఖం మీద ఫెడేలున కొట్టింది.

"ఇదెందుకే?" అన్నాడు బుధు, ఉక్కిరిబిక్కిరై.

"ఎల్లిపోతానన్నావు కాదా" అంది చిట్టెమ్మ. "అందుకు."